సిమెంటు దిబ్బ మీరే వెయ్యకండి అన్నా

ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ వీధిని ఆటోలు, బైకులు షార్ట్‌కట్ చేసుకుని దూసుకుపోతున్నాయి, చందాలేసుకుని మేమే స్పీడ్ బ్రేకర్ కట్టేద్దామా అన్నారు కదా. వద్దన్నా, ప్లీజ్. మా వీధిలో అలాగే కడితే చీకట్లో కనబడక పాలు పోసే ఆయన పడి చెయ్యి విరిగింది, ఆ బాధ ఇంకా పోలేదు మాకు. రోడ్ల కొలతలు చెప్పే ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) లెక్క ప్రకారం హంప్, అంటే స్పీడ్ బ్రేకర్, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, అప్పుడే బండి 25 స్పీడుకి తగ్గి కుదుపు లేకుండా దాటుద్ది, ముందర బోర్డు, పైన పెయింట్ గీతలు కూడా ఉండాలి.

అందరి సంతకాలతో మున్సిపాలిటీకి అర్జీ పెట్టండి, ఒడియాలోనే రాయించండి, అక్కడ మనతో తెలుగులో మాట్లాడతారు గానీ కాగితం ఒడియాలో ఉంటేనే తొందరగా కదుల్తుంది. ఓ వారం వీడియోలు తీసి జత చెయ్యండి. సోమవారం జనం అర్జీలు తీసుకునే జాయింట్ గ్రీవెన్స్‌లో కలెక్టర్, ఎస్పీ ఇద్దరికీ ఇంకో కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి.

నడిపేది మైనర్ పిల్లలైతే వాళ్ళింటికెళ్ళి చెప్పండి, మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత తల్లిదండ్రులకి 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. 50 స్పీడులో బండి సెకనుకి 14 మీటర్లు పోద్ది, 30లో 8 మీటర్లే, గుమ్మం దిగే ముసలమ్మకి ఆ తేడా చాలు.

హంప్ వచ్చేదాకా బడి వదిలే టైముకి ఇద్దరు పెద్దవాళ్ళు వీధి మొగలో నిలబడండి, మేం అలాగే చేశాం.