ఏటికొప్పాక బొమ్మలకి బీఐఎస్ అడిగి లిస్టింగ్ ఆపేస్తే

ఆన్‌లైన్‌లో ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్ముతుంటే సైటు వాళ్లు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్ అడిగి మీ లిస్టింగ్ ఆపేశారా? బహుశా తయారీదారు అన్నచోట కూడా మీ బ్రాండ్ పేరే పెట్టి ఉంటారు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి బీఐఎస్ ఇచ్చే ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మినహాయింపు ఉంది గానీ అది చేసే కళాకారుడికి, కొని అమ్మే మనకి కాదు.

1. మీకు లక్క బొమ్మలు చేసిచ్చే ఆయనకి హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ ఇచ్చే పహచాన్ కార్డు (కళాకారుల గుర్తింపు కార్డు) ఉందా అడగండి. ఉంటే మినహాయింపుకి అదే చాలు, నేరుగా 3కి వెళ్లండి.

2. కార్డు లేకపోతే ఇంకో దారి జీఐ, అంటే ఊరి పేరుతో వచ్చే భౌగోళిక గుర్తింపు. అందరూ వదిలేసేది ఇక్కడే. "2017లోనే జీఐ వచ్చింది కదా" అంటారు. వచ్చింది, కానీ ఊళ్లో అందరికీ దానంతటదే వర్తించదు. చెన్నై జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా, అంటే ఆ గుర్తింపు వాడుకునే హక్కున్నవాడిగా, ఆయన పేరుండాలి. దరఖాస్తు ఫారం జీఐ-3. మీరే కూర్చుని నింపించండి, ఆయన చెయ్యి లేతు (కర్ర తిప్పి చెక్కే యంత్రం) మీంచి తియ్యడు.

3. లిస్టింగూ బిల్లూ ఆయన పేరునే. ఫొటోలు, ప్యాకింగ్, కొరియర్ మీరు చూసుకుని కమీషన్ తీసుకోండి.

సొంత బ్రాండే కావాలంటే కుంకుమ భరిణెలు, గాజుల స్టాండ్లతో మొదలెట్టండి. అంకుడు కర్రే, అదే లక్క. ఆడుకునేవి కావు కాబట్టి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసిన బొమ్మల ఉత్తర్వు కిందకి రావు.