మొరాకో ఇమామ్ నమాజులో ఫాతిహా (ఖుర్ఆన్ మొదటి సూరా) చదువుతూ 'మలికి' అని పొట్టిగా చదివారు, బిస్మిల్లా వినపడలేదు. తప్పా? నేనూ అలా నేర్చుకోవచ్చా?

తప్పు కాదు. మన దగ్గర నేర్పేది ఆసిమ్ ఖిరాఅత్ (ఖుర్ఆన్ చదివే పద్ధతి), హఫ్స్ రివాయత్ (ఆ ఇమామ్ నుంచి శిష్యుడు అందించిన పాఠం). మీరు విన్నది మదీనా ఇమామ్ నాఫె (మరణం హిజ్రీ 169) ఖిరాఅత్, వర్ష్ రివాయత్. వర్ష్ ఈజిప్టువారు, అసలు పేరు ఉస్మాన్ బిన్ సయీద్. మనిషి తెల్లగా ఉండేవారని గురువే ఆ పేరు పెట్టారంటారు. నాఫె మరో శిష్యుడు ఖాలూన్ రివాయత్ లిబియాలో నడుస్తుంది.

'మాలికి' అనే దీర్ఘం ఆసిమ్, కిసాయీలది. ఏడుగురు ఖిరాఅత్ ఇమాముల్లో మిగతా ఐదుగురిదీ హ్రస్వమే. బిస్మిల్లా సంగతి వేరు: మదీనా లెక్కలో అది ఫాతిహా ఆయత్ (వాక్యం) కాదు. 'అన్అమ్త అలైహిమ్' దగ్గర ఒక ఆయత్ ముగుస్తుంది కాబట్టి ఫాతిహా ఏడు ఆయత్‌లూ సరిపోతాయి. పైగా మాలికీలు (ఇమామ్ మాలిక్ ఫిఖ్హ్‌ను పాటించేవారు) ఫర్జ్ (తప్పనిసరి) నమాజులో మామూలుగా దాన్ని చదవరు. వర్ష్ ముస్హఫ్ (ఖుర్ఆన్ ప్రతి)లో బఖరా సూరా కూడా 285 ఆయత్‌లే, ఆయత్ నంబరు చూసి కంగారుపడకండి.

నేర్చుకోవచ్చు, కానీ 'మలికి' ఒక్కటి మార్చుకుంటే వర్ష్ అయిపోదు. మొదట నఖ్ల్ పట్టుకోండి, అంటే హంజా (గొంతు దగ్గర ఆపి పలికే అక్షరం) అచ్చును ముందున్న పొల్లుకు ఇవ్వడం. 'ఖద్ అఫ్‌లహ'లో దాల్ పొల్లు. వర్ష్‌లో హంజా పోయి దాని అచ్చు దాల్‌కు వస్తుంది: 'ఖదఫ్‌లహ'. మన సంధిలాగే వినిపిస్తుంది. అలవాటైపోయి 'ఖుర్ఆన్'లో హంజా కూడా మింగేస్తుంటారు, అది తప్పు. నఖ్ల్ రెండు పదాల మధ్యే, 'అల్' తర్వాత కూడా. 'యుఅ్‌మినూన్' మాత్రం 'యూమినూన్' అవుతుంది, అది వేరే నియమం.

అల్-అజ్రఖ్ తరీఖ్ (వర్ష్ రివాయత్‌లో ఒక శాఖ)లో 'జాఅ' లాంటి చోట మద్ (దీర్ఘాన్ని లాగడం) 6 హర్కత్‌లు (మాత్రలు). హఫ్స్‌లో 4, 5కి అలవాటుపడ్డ ఊపిరి మధ్యలో చాలదు. ఎక్కడ ఆగాలో ముందే చూసుకోండి.

అసలు చిక్కు బదల్‌ది, అంటే హంజా తర్వాత వచ్చే దీర్ఘానిది. 'ఆదమ్'లోని మొదటి దీర్ఘాన్ని 2, 4, 6 ఎంతైనా లాగవచ్చు, కానీ పక్కనున్న తఖ్లీల్‌తో పొత్తు కుదరాలి. తఖ్లీల్ అంటే 'ఆ'ను కొంచెం 'ఏ' వైపు వంచడం. బఖరాలో 'ఫతలఖ్ఖా ఆదము' తీసుకోండి: 'ఖ్ఖా'ను వంచకపోతే బదల్ 2 లేదా 6, వంచితే 4 లేదా 6. వంచి 2 లాగితే ఉస్తాద్ అక్కడే ఆపేస్తారు.