పట్నం ఓటు, ఊరి ఓటు: పాఠకుల ప్రశ్నలు, సారు జవాబులు

(2023 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రం ఒక దిక్కు తిరిగితే గ్రేటర్ హైదరాబాద్ ఇంకో దిక్కు నిలబడిందని పోయిన సంచికలో ఒక మాట రాశాను. దానిమీద ఉత్తరాలు బాగానే వచ్చాయి, కొన్ని కోపంగానే వచ్చాయి. కొత్తగా చదివేవాళ్లకు నా సంగతి: ఉమ్మడి నల్లగొండ జిల్లా బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఊరు వలిగొండ దగ్గర, ఇప్పుడు ఉండేది వనస్థలిపురంలో. ఎన్నికల డ్యూటీలు రెండు చోట్లా చేశాను.)

సార్, నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. 2023లో కాంగ్రెస్‌కు రాష్ట్రమంతా 64 సీట్లు వచ్చినా గ్రేటర్‌లో ఒక్కటీ రాలేదు. పట్నంవాళ్లు అభివృద్ధి చూసి ఓటేస్తారు, ఊళ్లవాళ్లు ఉచిత పథకాలు చూసి వేస్తారు అని మా ఆఫీసులో అందరిదీ ఒకటే మాట. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, కొండాపూర్

మీ ఆఫీసువాళ్లను 2014 ఫలితాలు కూడా ఒకసారి చూడమనండి బాబూ. ఆ ఏడాది 63 సీట్లతో గద్దెనెక్కిన టీఆర్‌ఎస్‌కు గ్రేటర్‌లోని 24 సీట్లలో దక్కినవి మూడే. మిగతావి టీడీపీ, బీజేపీ, మజ్లిస్ పంచుకున్నాయి. రాష్ట్రం విడిపోయాక ఇక్కడ తమ గతేమిటన్న టెన్షన్ ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లలో అప్పట్లో గట్టిగా ఉండేది. రెండేళ్లకు అది చల్లారింది. 2016 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 150 డివిజన్లకు 99 అదే టీఆర్‌ఎస్ గెలిచింది. ఇక 2023లో గ్రేటర్ 24లో 16 బీఆర్‌ఎస్‌కు, 7 మజ్లిస్‌కు, గోషామహల్ ఒక్కటి బీజేపీకి. అంటే ఊళ్లు గద్దెనెక్కించిన పార్టీని ఊళ్లే దించాయి, మొదట్లో దాన్ని వద్దన్న పట్నం చివరిదాకా వదల్లేదు. ఇందులో ఎవరు తెలివిగలవాళ్లో, ఎవరు అమాయకులో నాకైతే తెలియడం లేదు.

ఉచితాల మాటకొస్తే, 2020 అక్టోబరు వరదల తర్వాత ఇంటికి 10,000 రూపాయల సాయం కోసం మీసేవ కేంద్రాల ముందు క్యూ కట్టింది హైదరాబాదువాళ్లే కదా. జీహెచ్‌ఎంసీ ఎన్నికల కోడ్ వచ్చిందని ఎన్నికల సంఘం ఆపించేదాకా ఆ క్యూలు తగ్గలేదు. అవసరంలో ఉన్నవాళ్లు నిలబడ్డారు, తప్పేం లేదు. నెలకు 20,000 లీటర్ల ఉచిత నీళ్ల హామీ కూడా ఆ ఎన్నికల్లోనే వచ్చింది. అపార్ట్‌మెంటుకు వస్తే రాయితీ, ఊరికి వస్తే ఉచితమా?

అసలు తేడా నాకు కనిపించేది వేరే చోట. పట్నంలో సర్కారు అంటే ఫ్లైఓవరు, మెట్రో, కరెంటు, నల్లా. అవి ఎవరి పేరుమీదా ఉండవు. అందరివీ, కాబట్టి ఎవరివీ కావు. ఊళ్లో సర్కారు మనిషి పేరు పెట్టి పిలుస్తుంది. పట్టాదారు పాసుపుస్తకం మీద పేరు, పింఛను జాబితాలో పేరు, రైతుబంధు పడితే ఫోనుకు వచ్చే మెసేజీలో పేరు. పేరు ఉన్నవాడు సంతోషపడతాడు, లేనివాడు ఐదేళ్లూ గుర్తుపెట్టుకుంటాడు. 2018లో ఎకరానికి పంటకు 4,000తో మొదలై 5,000 అయిన రైతుబంధు పట్టా ఉన్నవాడికే వచ్చింది. కౌలుకు దున్నేవాడికి రాలేదు. అమెరికాలో ఉన్న పట్టాదారు ఖాతాలో డబ్బు పడటం, కౌలుదారు అప్పు చేసి యూరియా కొనడం ఒకే గట్టు మీద జరిగాయి. 2020 అక్టోబరులో భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక పాస్‌బుక్కులో గుంట తగ్గినవాడు, భూమి నిషేధిత జాబితాలో పడ్డవాడు తహసీల్దారు దగ్గరికి పోతే ‘నా చేతుల్లో లేదు, కలెక్టరు లాగిన్‌లో ఉంది’ అన్న జవాబు వచ్చేది. ఫ్లైఓవరు ఎంత బాగుంటే మాత్రం ఈ మనిషికి ఏం ఒరుగుతుంది?

వడ్ల కొనుగోలు కేంద్రం ఒకసారి చూసి రండి. ఐకేపీ సెంటరులో కుప్ప పోసుకుని రైతు పది పదిహేను రోజులు పక్కనే పడుకుంటాడు. తేమ 17 శాతం లోపు ఉంటేనే కాంటా. మబ్బు పడితే టార్పాలిన్ కోసం పరుగు. తేమ తగ్గేసరికి గోనె సంచులు ఉండవు. సంచులు వచ్చేసరికి లారీ ఉండదు. అన్నీ అయ్యాక మిల్లులో తాలు ఉందని, తరుగు కింద బస్తాకు ఇంత అని కోస్తారు. మా తమ్ముడు ఆ కుప్ప పక్కన మంచం వేసుకుని ఫోనులో టీవీ చర్చలు చూస్తుంటాడు. స్టూడియోలో ‘రికార్డు స్థాయిలో కొనుగోళ్లు’ అంటుంటే వాడి నోటి నుంచి వచ్చే మాటలు పత్రికలో రాయలేను.

ఇంకో సంగతి. ‘ఊళ్లన్నీ ఒకవైపు’ అన్నది కూడా సగం నిజమే. కాంగ్రెస్‌కు, బీఆర్‌ఎస్‌కు మధ్య ఓట్ల తేడా మొత్తం రాష్ట్రం మీద రెండు శాతమే. ఉమ్మడి నల్లగొండలో 12 సీట్లకు 11 కాంగ్రెస్ గెలిస్తే, ఉమ్మడి మెదక్‌లో 10 సీట్లకు 7 బీఆర్‌ఎస్ నిలబెట్టుకుంది. రెండు చోట్లా ఎక్కువగా పండేది వరే. సీట్లకు రంగులు పూసిన పటం చూస్తే గోడ కట్టినట్టు కనిపిస్తుంది గానీ ఓట్లు లెక్కపెడితే అంత గోడ లేదు.

మా దగ్గర ముసలివాళ్లను కూడా మంచం మీద మోసుకొచ్చి ఓటేయిస్తాం. హైదరాబాదువాళ్లు సెలవు తీసుకుని ఇంట్లో పడుకుంటారు. ఓటు వేయనివాళ్ల కోసం ప్రభుత్వాలు ఎందుకు పాకులాడాలి?
– ఒక పాఠకురాలు, మునుగోడు

మీ మునుగోడు లెక్క వేరమ్మా, 2023 నవంబరు 30న అక్కడ నూటికి 90 మంది దాటి ఓటేశారు. పాతబస్తీలోని యాకుత్‌పురాలో 40 శాతం కూడా కాలేదు. హైదరాబాద్ జిల్లా మొత్తం మీద సగం మంది కూడా రాలేదు. రాష్ట్ర సగటు 71 శాతం. బద్ధకస్తులు ఉన్నారు, కాదనను.

అయితే ఆ ముందురోజు సాయంత్రం మీరు ఎల్బీనగర్ చౌరస్తాలోనో ఉప్పల్ రింగ్ రోడ్డులోనో నిలబడి ఉంటే ఇంకో దృశ్యం కనిపించేది. భుజాన సంచి, చంకలో పిల్ల, సూర్యాపేట బస్సు కోసం, తొర్రూరు బస్సు కోసం తోసుకుంటున్న జనం. మేస్త్రీలు, వాచ్‌మెన్లు, ఆటో నడిపేవాళ్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు. ఉండేది పట్నంలో, ఓటు ఊళ్లో. కొందరికి రెండు చోట్లా పేరుంది. ఊళ్లో ఓటేసినవాడు పట్నం జాబితాలో ‘రానివాడు’గా తేలతాడు. మీ 90 శాతంలో హయత్‌నగర్‌లో అద్దెకుండేవాళ్లు ఎందరున్నారో మీ బూత్ ఏజెంట్లను అడగండి, వేళ్లమీద చెబుతారు. కాబట్టి ఊరి తీర్పులో పట్నంలో పడ్డ పాట్లు కూడా కలిసే ఉంటాయి.

ఊరి బూత్‌లో ప్రిసైడింగ్ అధికారిగా కూర్చుంటే పని సగం ఏజెంట్లే చేసిపెడతారు. స్లిప్పు చదవక ముందే ‘ఈమె మా వాడకట్టే సారూ’ అంటారు. మధ్యాహ్నం మూడయ్యాక జాబితా ముందేసుకుని రానివాళ్ల ఇళ్లకు మనిషిని పంపిస్తారు. ఊళ్లో ఓటు వేయకపోవడమంటే పెళ్లికి పిలిస్తే పోకపోవడం లాంటిది, ఏళ్ల తరబడి ఎత్తిపొడుస్తారు. పట్నంలో ఒక కాన్వెంటు స్కూలు బూత్‌లో నేను కూర్చున్నప్పుడు ఏజెంట్లకు పక్క వీధివాళ్లు కూడా తెలియదు. 17ఏ రిజిస్టరులో సంతకం పెట్టిస్తుంటే ఒకాయన ‘పోటీలో ఎవరున్నారు సార్?’ అని నన్నే అడిగాడు. గోడకు అంటించిన జాబితా చూపించాను. అంతకంటే నేనేం చెప్పకూడదు.

ఓటు వేయనివాళ్ల కోసం ఎందుకంటారా? ఖజానా కోసమమ్మా. రిజిస్ట్రేషన్లు, జీఎస్టీ, పెట్రోలు పన్ను, మద్యం పైసలు ఎక్కువగా పుట్టేది హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ వైపే. మీ పింఛనుకు దారి అటు నుంచే.

శేరిలింగంపల్లిలో ఏడు లక్షల పైచిలుకు ఓటర్లకు ఒకే ఎమ్మెల్యే. భద్రాచలంలో లక్షన్నర లోపు ఓటర్లకు ఒక ఎమ్మెల్యే. మా ఓటు విలువ ఐదోవంతేనా?
– ఒక పాఠకుడు, మియాపూర్

లెక్క ప్రకారం అంతే. 2008లో నియోజకవర్గాలను 2001 జనాభా లెక్కల మీద గీశారు. అప్పటికి మియాపూర్‌లో మీ అపార్ట్‌మెంటు ఉన్నచోట ఏముందో పాతవాళ్లను అడగండి. సీట్ల సంఖ్య మీద రాజ్యాంగంలో ఉన్న బిగింపు 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా. తెలంగాణలో 119ని 153 చేయవచ్చని 2014 పునర్విభజన చట్టంలో రాశారు గానీ అది ఇప్పటిదాకా కదల్లేదు. కదిలిన రోజున మీవైపు సీట్లు పెరుగుతాయి, అసెంబ్లీలో ఊళ్ల బలం తగ్గుతుంది. అప్పుడు మునుగోడు నుంచి ఉత్తరం వస్తుంది నాకు.

అయితే భద్రాచలం ఎమ్మెల్యే తిరగాల్సిన అడవి, వాగులు, గోదావరి వరదొస్తే ఖాళీ చేయించాల్సిన ఊళ్లు కూడా లెక్కలోకి తీసుకోండి. అది ఎస్టీ రిజర్వుడు స్థానం. తలలు లెక్కపెట్టి మాత్రమే గీస్తే కొండలమీది మనిషి మాట అసెంబ్లీ దాకా రాదు.

మూసీ ప్రక్షాళన అంటే పట్నంలో గొడవ చేస్తున్నారు. ఇక్కడ మేం ఆ కంపు నీళ్లతో చస్తున్నాం. మా బాధ పట్నం పార్టీలకు పట్టదా?
– ఒక రైతు, వలిగొండ మండలం

మన దిక్కు ఉత్తరమే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, గండిపేట దాటి, హిమాయత్‌సాగర్ నుంచి వచ్చే ఈసీని కలుపుకుని, పట్నం మురుగంతా మోసుకుని మన పొలాల మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పీర్జాదిగూడ వైపు గడ్డి పెంచి పాడిపశువులకు అమ్ముతారు. ఇటు దిగితే పిల్లాయిపల్లి కాలువ, బునాదిగాని కాలువ, కత్వల (నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టల) కింద వరి. వానాకాలం తొలి వరదకు కత్వ మీద నురుగు మంచులా లేస్తుంది. నాట్లకు దిగిన ఆడవాళ్లు కాళ్లకు నూనె రాసుకుని దిగుతారు, అయినా దురదలే. మా తమ్ముడు మూసీ వడ్లు మిల్లుకు తోలి, తినడానికి బియ్యం బయట కొంటాడు.

2024 సెప్టెంబరులో పట్నంలో నది ఒడ్డు ఇళ్లమీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ–ఎక్స్’ (నదీగర్భంలో ఉన్నదని) గుర్తులు పడ్డాయి. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూలాయి. కొందరిని డబుల్ బెడ్‌రూం ఇళ్లకు పంపారు. నవంబరులో ముఖ్యమంత్రి మన సంగెం దగ్గర మూసీ వెంట నడిచారు. అదే నెలలో బీజేపీ నాయకులు పట్నంలో మూసీ బస్తీల్లో రాత్రి నిద్ర చేశారు. బీఆర్‌ఎస్ బస్తీల పక్షాన నిలిచింది. ఒకటే నది, పైన ఒక రాజకీయం, కింద ఒక రాజకీయం. రెండు చోట్లా జనం అబద్ధం చెప్పడం లేదు. ముప్పై ఏళ్లు కష్టపడి రెండు గదులు వేసుకున్నవాడికి ఇల్లు, మీకు నీళ్లు. ఆ బస్తీల్లో చాలామంది మన జిల్లాల నుంచే పోయినవాళ్లు.

మీరు అడగని ఒక మాట చెబుతాను, కోపగించుకోకండి. ఎండాకాలంలో మూసీలో మనకు నీళ్లున్నాయంటే అవి పట్నం వాడి వదిలినవే. యాసంగి వరి ఆ నీళ్లమీదే. ఆ పట్నం తాగే నీళ్లేమో సాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి, సింగూరు నుంచి మంజీర. సింగూరు నీళ్ల కోసం మెదక్ రైతులు రోడ్డెక్కిన రోజులు నాకు గుర్తున్నాయి. మా పొలాలు ఎండబెట్టి పట్నానికి ఇస్తారా అని వాళ్ల గొడవ. ఆ నీళ్లే మురికై మన దగ్గరికి వస్తున్నాయి. కాబట్టి ‘మూసీ బాగుచేయండి’ అన్నంతవరకే ఆగితే చాలదు. అంబర్‌పేట, నాగోలు లాంటి మురుగుశుద్ధి కేంద్రాలు ఎన్ని కట్టినా అందులో శుభ్రమైన నీళ్లు మన కాలువలకే వదలాలని ఇప్పుడే కాగితం మీద రాయించుకోవాలి. లేకపోతే నది ఒడ్డున పార్కులు, లైట్లు వస్తాయి, శుద్ధిచేసిన నీళ్లు ఏ ఫ్యాక్టరీకో పోతాయి, మనకు వచ్చేది ఎండిన కత్వ. బస్తీవాళ్లను తిట్టే ఓపికతో నీటిపారుదల ఇంజనీరును ఈ ఒక్క ప్రశ్న అడగండి.

పన్నెండేళ్లుగా కూకట్‌పల్లిలో ఉంటున్నాం, ఓటు మాత్రం ఊళ్లోనే. సర్పంచి ఎన్నికలకు అభ్యర్థులే కారు పంపిస్తారు. ఇక్కడికి మార్చుకోమంటారా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

చట్టం సంగతి అయితే సాధారణంగా ఎక్కడ నివసిస్తే అక్కడే ఓటు. ఊళ్లో ఇల్లో పొలమో ఉన్నంత మాత్రాన అక్కడ ఓటు ఉండాలని లేదు. రెండు చోట్ల పేరు ఉండకూడదు, తెలిసి అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే ఏడాది దాకా జైలు శిక్ష కూడా పడొచ్చు. మార్చుకోవాలంటే ఫారం 8. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, లేదా మీ బూత్ స్థాయి అధికారికి ఇవ్వొచ్చు. రిజిస్టరైన అద్దె ఒప్పందమో కరెంటు బిల్లో చాలు. పాతచోట పేరు పోయిందో లేదో మళ్లీ జాబితాలో చూసుకోండి, చాలాసార్లు పోదు.

కారు సంగతి అడిగారు కాబట్టి: ఓటర్లను అభ్యర్థులు బండ్లలో తోలుకుపోవడం నేరమే. ఊరి ఓటే ఉంచుకోవాలనుకున్నా బస్సులో వెళ్లిరండమ్మా. మన రాష్ట్రంలో పల్లెవెలుగుకు, ఎక్స్‌ప్రెస్‌కు ఆడవాళ్లకు చార్జీ లేదు కదా.