ప్లేటు మీది ‘గారి’ ఎవరిది?

సందేహం: మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఒక పాత గ్రామఫోను ప్లేటు దొరికింది. ఒక భక్తి పాట. లేబులు మీద పాడినామె పేరు, దాని కింద ‘ఫలానా గారి పాట’ అని వేరే ఒకాయన పేరు ఉన్నాయి. మా జేజి మాత్రం ‘ఆ పాట మీ ముత్తాత కట్టినాడురా, చెక్కభజనకు’ అంటుంది. ‘గారి’ అంటే రాసినవారనా, బాణీ కట్టినవారనా? మా ముత్తాతను ఏమనాలి: రచయితా, స్వరకర్తా, వాగ్గేయకారుడా? జేజి పాడే పాట చివర పుష్పగిరి చెన్నకేశవుడి పేరు వస్తుంది. ఆ ముద్రను బట్టి ఏమైనా తేలుతుందా? ప్లేటులో ఆ చరణం లేదు. రెండు పాఠాలూ పంపుతున్నాను. (ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ముందు ఆ ‘గారి’ సంగతి చూద్దాం. తెలుగులో షష్ఠి అంత చిక్కులమారి విభక్తి ఇంకొకటి లేదు. ‘సుబ్బయ్య పాట’ అంటే సుబ్బయ్య రాసిన పాట కావచ్చు, పాడిన పాట కావచ్చు, ఎప్పుడూ కూనిరాగం తీసే పాట కావచ్చు. ‘గాంధీ పాట’ అంటే గాంధీ మీద పాట. సంబంధం ఉందని మాత్రమే షష్ఠి చెబుతుంది, ఏ సంబంధమో చెప్పదు. కాబట్టి మీ లేబులు మీది పెద్దమనిషి పాట రాసి ఉండవచ్చు, పాడినామెకు నేర్పి ఉండవచ్చు, ఆమె ఆడే నాటక సమాజానికి యజమాని కూడా కావచ్చు. ‘రచన’ అని ఉంటే వేరే సంగతి. ‘గారి’ని సాక్ష్యంగా కోర్టుకు తీసుకెళ్లలేం.

ఇంకొకటి. ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే తొందరపడి తెలుగులోకి మార్చకండి. ఎం, ఏ, డి, ఏ అని నాలుగక్షరాలుంటే అది మద, మాద, మడ, మాడ, వీటిలో ఏదైనా కావచ్చు. ఇంటిపేరు వెతికేటప్పుడు అన్నీ వెతకాలి.

ఇక ముద్ర. ఈ విషయంలో నేనూ ఒకసారి బోర్లా పడ్డాను. చాలా ఏళ్ల కిందట ఒక ఉత్సవ సంచికకు వ్యాసం రాస్తూ, చివర ‘వేంకటేశ’ ఉంది కదా అని ఒక పాటను అన్నమయ్య ఖాతాలో వేశాను. రాజంపేట దగ్గర ఒక ముసలాయన అది చదివించుకుని విని, ‘అయ్యా, వేంకటేశుడనేది కొండమీది సామి పేరు, రాసినోని పేరు కాదు’ అన్నాడు. నిజమే. తాళ్లపాక వారిలో అన్నమయ్య (1408–1503), కొడుకు పెద తిరుమలాచార్యుడు, మనవడు చిన తిరుమలాచార్యుడు, ముగ్గురూ ఆ ముద్రతోనే పదాలు చెప్పారు. రాగిరేకుల్లో ఎవరివి వారికి విడిగా చెక్కించబట్టి సరిపోయింది గానీ, ముద్ర ఒక్కటే ఆధారమైతే తండ్రీకొడుకులను విడదీయలేం. వేమన మకుటం సంగతీ అంతే. కడపలో పనిచేసిన బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చువేశాడు. అప్పటికీ, ఆ తర్వాతా ఆ మకుటం తగిలించుకుని ఎందరు పద్యాలు చెప్పారో! మీ పాటలో చెన్నకేశవుడి పేరు ఉందంటే కట్టినవాడు పుష్పగిరి స్వామి భక్తుడని తెలుస్తుంది. పెన్న ఒడ్డున అలాంటి భక్తులకు ఏం కొదవ?

మీరు నన్ను అడగని మాట ఒకటి ఈ ఉత్తరంలో ఉంది. అన్నిటికన్నా విలువైనది అదే: ‘కట్టినాడు’. మీ జేజి ‘రాసినాడు’ అనలేదు, ‘నేర్పినాడు’ అనలేదు. మన సీమలో పాట రాయడం వేరు, పాట కట్టడం వేరు. రాయడానికి కాగితం కావాలి. కట్టేవాడికి చదువు రాకపోయినా ఫరవాలేదు, మాటా వరసా కలిసే పుడతాయి. అందుకే ఊళ్లో ఎవరైనా తప్పు పని చేస్తే ‘వాని మీద పాట కట్టినారు’ అంటాం గానీ పాట రాసినారనం.

సంగీతశాస్త్రంలోనూ ఈ తేడా ఉంది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో పాటలోని మాటలను ‘మాతువు’ అనీ, స్వరాలను ‘ధాతువు’ అనీ అన్నాడు. రెండూ తానే చేసేవాడు వాగ్గేయకారుడు. ఇంకొకరి ధాతువుకు తన మాతువు అతికేవాడు కుట్టికారుడు. ఈ రెండో పేరు మనవాళ్లు మరిచిపోయారు, పని మాత్రం మానలేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) నాటకాల్లో పాటలు పెట్టి దారి వేశాక, పాత వరసల మీద కొత్త మాటలు పెట్టడం మామూలైపోయింది. పాటల పుస్తకాల్లో పల్లవి పైన ‘ఫలానా పాట వరుస’ అని అచ్చువేసేవారు. మీ ముత్తాత పాటకు వరస కూడా ఆయనదే అయితే వాగ్గేయకారుడనడానికి శాస్త్రం అడ్డు చెప్పదు. ఏదో పాత కీర్తన వరసను తీసుకుంటే కుట్టికారుడు. అందులో చిన్నతనమేమీ లేదు. ‘స్వరకర్త’ మాత్రం వద్దు. అది మాటలు ఒకరివీ బాణీ ఒకరిదీ అయినప్పుడు పనికొచ్చే మాట. మనం ఇవాళ వినే అన్నమయ్య పాటల్లో చాలావాటికి అదే సరిపోతుంది. రేకుల మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. అనంతపురం జిల్లావాడైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి లాంటివారు కూర్చబట్టి అవి మన నోటికొచ్చాయి.

ఇంతకీ పాట ఎవరిది? మీరు పంపిన రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. జేజి పాడేది:

కొండ దాటి వచ్చినాను కోర్కె తీర్చవా
పండగయిన పస్తులుంటి పలుకవేమయా

ప్లేటులో రెండో పాదం ‘పర్వమైన పస్తులుంటి’ అని ఉంది. పండగయిన, పర్వమైన: రెండూ ఆరు మాత్రలే. తాళంలో తేడా రాదు గనక పాడినామెకు తట్టి ఉండదు. కానీ కొండ–పండ ప్రాస పోయింది. ‘పండగ’ మరీ పల్లెటూరి మాటగా ఉందని ఎవరో ‘పర్వం’ పెట్టి పెద్దరికం తెచ్చారు. పాట కట్టినవాడు తన ప్రాసను తానే చెడగొట్టుకోడు. అంటే ప్లేటుకన్నా జేజి పాఠమే ముందుది. ప్లేటులో ముద్ర చరణం లేదని రాశారు, అందులోనూ వింత లేదు. ఆ ప్లేట్లలో ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిల్లర మాత్రమే పడుతుంది. కత్తెర పడేది చివరి చరణానికే, ముద్ర ఉండేదీ అక్కడే. రెండో వైపు కూడా వినండి, ఒక్కోసారి మిగిలిన పాట అక్కడ ఉంటుంది.

అయితే ఇంతవరకు తేలింది, లేబులు మీది ఆయన చేతి నుంచి పాట నేరుగా రాలేదని. మీ ముత్తాతే కట్టారని కాదు. ఆయన కూడా ఇంకో భజన గురువు దగ్గర నేర్చుకుని ఉండవచ్చు. దానికి మీ ఊరి చుట్టుపక్కల చెక్కభజన బృందాలను అడగాలి. ఎవరైనా పాత గురువు రాసుకున్న నోటుబుక్కు దొరికితే వరస పేరు చూడండి. ప్లేటు నడిమధ్య, లేబులు పక్కన నున్నగా ఉన్న చోట గీకినట్టు ఒక అంకె ఉంటుంది. అదీ రాసుకోండి. పాట ప్లేటుకెక్కిన కాలం పట్టుకోవడానికి పనికొస్తుంది. అప్పటికి మీ ముత్తాత వయసెంతో లెక్క వేయండి.

అన్నిటికన్నా ముందు జేజి చేత పూర్తి పాట పాడించి ఫోనులో రికార్డు చేయండి. ఆమెకు ప్లేటు ఇంకా వినిపించకపోతే ఇప్పుడే వినిపించకండి. వింటే రేపటి నుంచి ఆమె కూడా ‘పర్వమైన’ అనే పాడుతుంది.