ఏప్రిల్‌లో ముసలి హిట్టర్లు దంచుతుంటే సెప్టెంబరు టికెట్లు కొనొచ్చా?

మీరు అడిగింది ఇది: "మా బేస్‌బాల్ టీమ్‌లో 36, 38 ఏళ్ళ హిట్టర్లు ఇద్దరు మొదటి మూడు వారాల్లో .310 పైన (పది ఛాన్సుల్లో మూడు కన్నా ఎక్కువసార్లు బంతిని కొట్టి బేస్ చేరుతూ) కొడుతున్నారు. టీమ్ 11-6 (11 గెలుపులు, 6 ఓటములు) మీద ఉంది. ఈసారి అక్టోబరు ప్లేఆఫ్స్ దాకా వెళ్తామని నమ్మొచ్చా?"

చూసి సంతోషించండి, నమ్మడం మాత్రం ఇప్పుడే వద్దు. ఇలా అంటున్నది నిరాశావాది అనుకోకండి. నేను ఉండేది డెట్రాయిట్ శివార్లలో, నోవైలో. 2012 నుంచి డెట్రాయిట్ టీమ్ టైగర్స్ అభిమానిని. ఏప్రిల్‌ని నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి కూడా.

అది 2015 సంగతి. అంతకుముందు నాలుగేళ్ళు వరసగా డివిజన్ (లీగులో తమ ఐదు టీమ్‌ల గుంపు) గెలిచిన టీమ్. ఆ ఏడాది మొదటి ఆరు గేమ్‌లూ గెలిచి, 13 గేమ్‌లయ్యేసరికి 11-2తో నిలబడింది. మా ఆఫీసులో డియర్‌బార్న్ నుంచి వచ్చే ఒక పెద్దాయన రోజూ పొద్దున్నే కాఫీ మెషిన్ దగ్గర 1984 పురాణం ఎత్తుకునేవాడు. ఆ ఏడాది టైగర్స్ మొదటి 40 గేమ్‌లలో 35 గెలిచి, చివరికి ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్ కూడా కొట్టేసింది. డెట్రాయిట్‌లో ఎవరికైనా మొదటి నెల బాగా నడిస్తే ముందు గుర్తొచ్చేది ఆ 35-5 లెక్కే. అలాంటిది ఒక్క ఏడాదే జరిగింది కాబట్టే ఇప్పటికీ చెప్పుకుంటున్నారని నాకు అప్పుడు తట్టలేదు. మేము నలుగురం తెలుగువాళ్ళం, తలా కొంత వేసుకుని, సెప్టెంబరులో పది గేమ్‌లకు ఏప్రిల్‌లోనే టికెట్లు కొనేశాం. ఆలోచన నాదే.

ఆ టీమ్ నడిబొడ్డున ఉన్న ఇద్దరు హిట్టర్లలో మిగెల్ కబ్రెరాకి ఆ ఏప్రిల్‌లోనే 32 నిండాయి. విక్టర్ మార్టినెజ్‌కి 36. ముందు ఏడాది మార్టినెజ్ .335 కొట్టి, 32 హోమ్‌రన్లు (మన సిక్సర్ లాంటివి) బాది, ఎమ్‌వీపీ (ఏడాది ఉత్తమ ఆటగాడు) ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. దాంతో నాలుగేళ్ళకు 68 మిలియన్ డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. కాంట్రాక్టు సిరా ఆరిన కొద్ది నెలలకే, ఫిబ్రవరిలో, ఎడమ మోకాలికి ఆపరేషన్. అయినా మొదటి రోజుకి వచ్చేశాడు. "చూశావా, ఉక్కుమనిషి" అనుకున్నాం మేము.

మార్టినెజ్ రెండు వైపులా బ్యాటింగ్ చేస్తాడు. ఎక్కువమంది పిచర్లు (బంతి వేసేవాళ్ళు) కుడిచేతివాళ్ళు కాబట్టి ఎక్కువసార్లు ఎడమవైపు నిలబడాల్సిందే. అలా నిలబడితే బంతి వచ్చేదాకా బరువంతా ఆగేది వెనకకాలి మీద, అంటే ఆ ఆపరేషనైన మోకాలి మీదే. మేలో గాయాల జాబితాలో పెట్టారు. ఏడాది మొత్తానికి .245, 11 హోమ్‌రన్లు. జులైలో కబ్రెరాకి పిక్క పట్టేసింది. తిరిగొచ్చి .338తో లీగులో అత్యధిక యావరేజ్‌కిచ్చే బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, అది వేరే కథ. జులై నెలాఖరుకి మేనేజ్‌మెంట్ కూడా చేతులెత్తేసింది. పిచర్ డేవిడ్ ప్రైస్‌ని టొరంటోకి, హిట్టర్ సెస్పెడెస్‌ని న్యూయార్క్ మెట్స్‌కి పంపించేశారు. 11-2తో మొదలైన టీమ్ 74-87తో డివిజన్‌లో ఆఖరి స్థానంలో ముగించింది. మా పది గేమ్‌లలో మేము వెళ్ళింది మూడింటికి. మిగతా టికెట్లు పార్కింగ్ ఖర్చు కూడా రాని రేటుకి అమ్ముకున్నాం. మా వాళ్ళలో ఒకాయన ఇప్పటికీ ఏ పెట్టుబడి విషయం ఎత్తినా "ముందు నువ్వు చెప్పకు" అంటాడు.

ఇక లెక్క సంగతి. .300 అంటే పదిసార్లకు మూడు హిట్లు. మూడు వారాల్లో ఒక హిట్టర్‌కి ఇంచుమించు 60 ఛాన్సులు వస్తాయి, నెల గడిస్తే 80-90. 80కి 20 హిట్లు కొడితే .250, 24 కొడితే .300. అంటే మామూలు హిట్టర్‌కీ స్టార్‌కీ మధ్య తేడా నెలకు నాలుగు హిట్లు. ఆ నాలుగూ బ్యాటు అంచుకు తగిలి ఇన్‌ఫీల్డర్ల (దగ్గర నిలబడే ఫీల్డర్ల) నెత్తి మీంచి జారిపడ్డ బంతులు కావచ్చు. 500 ఛాన్సులయ్యాక అదే తేడా 25 హిట్లవుతుంది. 25 సార్లు అదృష్టం కలిసిరాదు. అందుకే ఏప్రిల్ యావరేజ్ చూసి ఎవరైనా కుర్రాడి గురించి మాట్లాడినా నేను పెద్దగా పట్టించుకోను. 36 దాటినవాడి విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది: ఏప్రిల్‌లో అతని ఒళ్ళు తాజాగా ఉంటుంది. 162 గేమ్‌లలో ఇంకా 140 పైన మిగిలుంటాయి.

వయసు ఎక్కడ దెబ్బ కొడుతుందో కూడా చెప్పాలి. మనకు క్రికెట్ తెలుసు కాబట్టి సులువు. వికెట్ల మధ్య 22 గజాలు, అంటే 66 అడుగులు. ఇక్కడ పిచర్ నిలబడే చోటి నుంచి హిట్టర్ నిలబడే హోమ్ ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలే. మధ్యలో నేలని తాకి వేగం తగ్గడం కూడా లేదు. గంటకు 95 మైళ్ళ బంతి చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులు. వయసుతో అనుభవం పెరుగుతుంది, కానీ బ్యాటు ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తుంది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి వయసైన హిట్టర్లు ముందే తిప్పడం మొదలుపెడతారు. అప్పుడు ఫాస్ట్‌బాల్ అందుతుంది, కాస్త నిదానంగా వచ్చి చివర్లో పక్కకి తిరిగే స్లైడర్‌కి మోసపోతారు. పిచర్లు దీన్ని కనిపెట్టడానికి నెలా రెండు నెలలు పడుతుంది. ఈలోగా మనం టికెట్లు కొనేస్తాం.

కబ్రెరా ఆఖరి మూడేళ్ళు ఇదంతా నేను దగ్గరగా చూశాను. 2021 ఏప్రిల్ 1న, సీజన్ మొదటిరోజు, మంచు కురుస్తుండగా క్లీవ్‌లాండ్ పిచర్ షేన్ బీబర్ బౌలింగ్‌లో (క్రికెట్ మాట వచ్చేసింది, ఉండనివ్వండి) హోమ్‌రన్ కొట్టాడు. బంతి గోడ దాటిందో లేదో ఆ మంచులో ఆయనకే కనబడక, రెండో బేస్‌లోకి జారుకుంటూ దూకాడు. మా అమ్మాయి సోఫా మీంచి లేచి గంతులేసింది. ఆ ఏడాది లీగులోనే మొదటి హోమ్‌రన్ అది. కొద్దిరోజులకే కండ పట్టేసి గాయాల జాబితాలోకెళ్ళాడు, ఏడాది .256తో ముగిసింది.

2022లో ఆశలు మళ్ళీ మొలిచాయి. హవియర్ బాయెజ్ అనే పేరున్న హిట్టర్‌ని తెచ్చారు. మొదటిరోజే అతని దెబ్బకి ఆఖరి నిమిషంలో గెలిచారు, అదీ అంపైర్ అవుటన్నది రీప్లేలో తిరగబడ్డాక. అదే నెలలో నాన్న మొదటిసారి అమెరికా వచ్చాడు. గుంటూరు దగ్గర మిర్చి రైతు. ఏప్రిల్ మిషిగన్ చలికి మంకీ క్యాప్ పెట్టుకుని టైగర్స్ స్టేడియం కొమెరికా పార్క్‌లో కూర్చున్న మనిషి ఆయనొక్కడే అయ్యుంటాడు. ఆట అర్థం కాకపోయినా మనిషిని చూస్తాడు ఆయన. కబ్రెరా ఒక సింగిల్ కొట్టి మొదటి బేస్‌కి వెళ్ళాక, "ఒరేయ్, ఈయన బాగానే కొడుతున్నాడు గానీ పరిగెత్తట్లేదురా, మోకాలు మొరాయిస్తున్నట్టుంది" అన్నాడు. నేను యావరేజ్ చెప్పాను, 3000 హిట్ల దగ్గరికొచ్చాడని చెప్పాను. "అదంతా నిరుటి పంట గదా" అన్నాడు.

కబ్రెరా 2999 దగ్గర ఉండగా న్యూయార్క్ యాంకీస్ వాళ్ళు కావాలని వాక్ ఇచ్చి (కొట్టే అవకాశమే లేకుండా మొదటి బేస్‌కి) పంపేస్తే స్టేడియం మొత్తం గోల పెట్టింది. ఏప్రిల్ 23న, కొలరాడో మీద, కుడివైపు నేలబారు సింగిల్‌తో మూడువేలు పూర్తయ్యాయి. మొదట పరిగెత్తుకొచ్చి కౌగిలించుకున్నది అవతలి టీమ్ షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) ఇగ్లేసియస్, ఒకప్పటి డెట్రాయిట్ సహచరుడు. నాన్నకి ఆ రోజు బాగా నచ్చింది ఆ కౌగిలింతే.

జులై మొదలయ్యేనాటికి కూడా కబ్రెరా .300 దగ్గరే ఉన్నాడు. మా వాట్సాప్ గ్రూపులో ఆహా ఓహో. కానీ అన్నీ సింగిల్సే, అందులోనూ చాలావరకు కుడివైపుకే (ఆయనలాంటి కుడిచేతి హిట్టర్ బ్యాటు ఆలస్యమైతే బంతి పోయేది అటే). బలంగా లాగి కొట్టినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఏడాది చివరికి .254, ఐదు హోమ్‌రన్లు. టీమ్ 66-96. లీగు మొత్తంలో అతి తక్కువ పరుగులు, 557, మావే.

ఇలా చెప్పుకుపోతే ముసలి హిట్టర్లందరూ మోసమే అనిపిస్తుంది, అలా కాదు. అదే 2022లో సెయింట్ లూయిస్‌లో ఆల్బర్ట్ పుహోల్స్, 42 ఏళ్ళు. జులై మధ్యలో వచ్చే ఆల్‌స్టార్ విరామానికి .215, ఆరు హోమ్‌రన్లు. ఇంటికి పంపేయమన్నవాళ్ళున్నారు, నేను కూడా అన్నాను. తర్వాత 18 కొట్టి, సెప్టెంబరులో కెరీర్ మొత్తం మీద 700 హోమ్‌రన్లు దాటి, 703తో రిటైరయ్యాడు. కుడిచేతి హిట్టర్‌కి సులువైన ఎడమచేతి పిచర్ల మీదే అతన్ని ఎక్కువగా వాడారు, అందులో మేనేజర్ తెలివి కూడా ఉంది. 2016లో మా మార్టినెజ్ కూడా మొదటి రెండు గేమ్‌లలోనూ మధ్యలో దిగి హోమ్‌రన్లు కొట్టాడు, 37 ఏళ్ళకి 27తో ముగించాడు. ఆ ఏడాది ఏప్రిల్ నిజమే చెప్పింది! మరి 2025లో యాంకీస్‌కి ఆడిన పాల్ గోల్డ్‌ష్మిట్? 37 ఏళ్ళు, మొదటి రెండు నెలలు .330 చుట్టూ తిరిగాడు. చివరికి .274, పది హోమ్‌రన్లు. ఆ .274 తీసిపారేయదగ్గదేం కాదు, మే నెలలో మనం కలగన్నది మాత్రం కాదు.

కాబట్టి మీ ఇద్దరి యావరేజ్ పక్కన పెట్టి, వాళ్ళ హిట్లలో డబుల్స్ (రెండో బేస్ దాకా చేర్చినవి), హోమ్‌రన్లు ఎన్నో చూడండి. 95 మైళ్ళు దాటిన ఫాస్ట్‌బాల్‌ని లాగి కొట్టగలుగుతున్నారా, లేక అన్నీ ఆలస్యంగా తగిలి అవతలివైపు పోతున్నాయా అన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం. బంతి బ్యాటు నుంచి ఎంత వేగంతో వెళ్తోందో బేస్‌బాల్ సావంట్ సైట్లో ఉచితంగా దొరుకుతుంది, నిరుటి అంకెతో పోల్చుకోండి. స్ట్రయికవుట్లు (బంతిని ఆటలోకి కొట్టలేకుండానే అవుటవడం) పెరుగుతుంటే హిట్లు వస్తున్నా నమ్మొద్దు. ఇంకొకటి, మేనేజర్ వాళ్ళకి వారానికి ఒకటి రెండు రోజులైనా విశ్రాంతి ఇస్తున్నాడా? రోజూ ఆడిస్తుంటే ఆగస్టులో ఆ అప్పు తీర్చాల్సొస్తుంది. ఇవన్నీ బాగుంటే మే నెలాఖరున మళ్ళీ ఒకసారి చూసుకుని, అప్పుడు ఆశపడండి. టీమ్ 11-6 గురించి నేను ఏమీ అనను, 11-2 చూసినవాణ్ణి.

ఆ ఇద్దర్నీ చూడాలనుంటే మాత్రం ఈ నెలలోనే వెళ్ళండి. సెప్టెంబరుకి వాళ్ళు లైనప్‌లో ఉంటారో, బెంచి మీద ఉంటారో ఎవరికీ తెలీదు. 2015 తర్వాత నేను సీజన్ చివరి టికెట్ ఏప్రిల్‌లో కొన్నది ఒక్కసారే. 2023 అక్టోబరు 1కి, అదే తన ఆఖరి ఏడాదని కబ్రెరా ముందే చెప్పాడు కాబట్టి. నాకూ మా అమ్మాయికీ రెండు సీట్లు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆయన్ని చాలాకాలం తర్వాత మొదటి బేస్‌లో ఫీల్డింగ్‌కి పంపారు. మొదటి హిట్టర్ కొట్టిన బంతే దొర్లుకుంటూ ఆయన దగ్గరికి వచ్చింది. అందుకుని, తానే బేస్ తొక్కి అవుట్ చేసి, ఆ వెంటనే బయటికి వచ్చేశాడు. అప్పటికి టైగర్స్‌కి ప్లేఆఫ్ ఆశ ఏమీ మిగల్లేదు, స్టేడియంలో మాత్రం ఒక్కరూ కూర్చుని లేరు.