స్మార్ట్ వాచీలో అందం ముఖ్యమా, టెక్నాలజీ ముఖ్యమా?

నన్నడిగితే ముందు పక్కన బటన్లు ఉన్నాయా లేదా చూడండి. అందం, టెక్నాలజీ తర్వాత మాట్లాడుకుందాం.

మాది భీమవరం పక్కన, రొయ్యల చెరువులు. మా బావమరిది హైదరాబాద్ నుంచి వస్తూ ఓ గుండ్రటి వాచీ పట్టుకొచ్చాడు. ముచ్చటైన వాచీయే, కాదన్ను. అంచు కనపడని అద్దం, ఒక్క బటన్, అదీ నొక్కితే దిగుతుందో లేదో తెలీనంత సన్నం. ఓ మిట్టమధ్యాహ్నం గట్టు మీద నుంచి చెక్ ట్రే పైకి లాగుతున్నాను, మేత ఎంత మిగిలిందో చూద్దామని. సరిగ్గా అప్పుడే ఏరియేటర్లు, అదే చెరువు నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు, చూసే కుర్రాడి ఫోను. ఎండకి తెర నల్లగా పలకలా ఉంది. తడివేలితో రుద్దితే కాల్ కట్టయింది. ఈలోగా మోచేతి మీంచి కారిన నీళ్ళు ఏం నొక్కాయో ఏమో, మా అత్తగారికి ఫోను వెళ్ళిపోయింది. "ఏం అల్లుడుగారూ, అంతా కులాసాయేనా?" అంటారావిడ. ట్రేలో రొయ్యలు ఎగురుతున్నాయి, నేనేమో మణికట్టుకేసి "ఆయ్, కులాసాయేనండి" అంటున్నాను.

పెట్టె మీద 5 ఏటీఎం అని గొప్పగా రాశారు. 50 మీటర్ల లోతులో ఉండేంత ఒత్తిడిని తట్టుకుంటుందని దానర్థం, అంతే. తడిసినా టచ్ పనిచేస్తుందని కాదు. వేలికీ నీటిబొట్టుకీ తేడా ఆ అద్దానికి సరిగ్గా తెలీదు మరి. అందుకే ముందు బటన్లు చూడమన్నది.

ఎండ సంగతికొస్తే, ట్రాన్స్‌ఫ్లెక్టివ్ తెరలని ఉన్నాయి, బయటి వెలుగునే వాడుకునేవి. వెలుగు పడేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తాయి, ఛార్జింగూ రోజుల తరబడి ఆగుతుంది. కాకపోతే రంగులు వెలిసినట్టుంటాయి, ఏసీ షోరూంలో పక్కనే సొంతంగా వెలిగే ఆమోలెడ్ తెర మెరుస్తుంటే వాటి మొహం ఎవరు చూస్తారండి? ఈ డిజైన్లు చేసేవాళ్ళు గట్టు మీద ఓ పూట నిలబడితే తెలుస్తుంది.

అందం అందం అంటే, 2015లో యాపిల్ 18 కేరెట్ల బంగారు వాచీ కూడా తెచ్చింది, 10 వేల డాలర్ల నుంచి మొదలు. 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ దానికి ఇవ్వలేదు. మా తాతగారి కీ ఇచ్చే వాచీకి ఈ రోగాలేవీ లేవు.

పట్టీ 20 లేదా 22 మిల్లీమీటర్లది, పిన్నుతో ఊడేది తీసుకోండి. మన చెమటకి ఆ సిలికాన్ పట్టీ దురద పెట్టేస్తుంది. పెళ్ళిళ్ళకి తోలుది, చెరువుకి నైలాన్‌ది మార్చుకోవచ్చు.

కొనేముందు షాపువాణ్ణి గ్లాసుడు నీళ్ళడగండి. వేళ్ళు తడుపుకుని, వాచీతో రోడ్డు మీదకొచ్చి, ఎండలో ఓ కాల్ ఎత్తి చూడండి. వాడు ఒప్పుకోకపోతే పక్క షాపుంది.