1927 యాంకీస్: లెక్క కుదిరిందో లేదో చూసుకోండి

గత సంచికలో న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టు 1927 సీజన్ గురించి చిన్న వ్యాసం వేశాం. 110 గెలుపులు, 44 ఓటములు, బేబ్ రూత్ 60 హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే దెబ్బలు), ఆఖర్న పిట్స్‌బర్గ్ పైరేట్స్ మీద 4-0తో వరల్డ్ సిరీస్ గెలుపు, అంతవరకే అందులో ఉంది. దాని మీద జంటనగరాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇవీ జవాబులు.

ప్రశ్న: ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత అమెరికన్ పత్రిక కటింగ్ ఒకటి దొరికింది. 1927 నాటి మ్యాచ్ పట్టిక. ఒక్కో ఆటగాడి పేరు పక్కన ఆరు అంకెలున్నాయి. ఎలా చదవాలి? అచ్చుతప్పులుంటే ఎలా పట్టుకోవాలి? (బర్కత్‌పుర)

మీకు దొరికింది బాక్స్ స్కోరు. ఎడమ నుంచి వరుసగా ఏబీ, ఆర్, హెచ్, పీఓ, ఏ, ఇ. ఏబీ అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతులు. నాలుగు బాల్స్ (హద్దు తప్పి వేసిన బంతులు) పడి వాక్, అంటే ఉచితంగా ఫస్ట్ బేస్ దొరికినా, బంతి ఒంటికి తగిలి బేస్‌కి వెళ్లినా, శాక్రిఫైస్ (తాను ఔటై రన్నర్‌ని ముందుకు జరపడం) అయినా ఆ వంతు ఏబీలో పడదు. ఆర్ పరుగులు, హెచ్ హిట్లు, అంటే బంతి కొట్టి బేస్ చేరినవి. చివరి మూడూ ఫీల్డింగ్‌వి. ఔట్ ఎవరి చేతిలో పూర్తయిందో వాళ్లకు పీఓ, ఆ బంతి అందించినవాళ్లకు ఏ, తప్పు చేసినవాళ్లకు ఇ. షార్ట్‌స్టాప్ బంతి ఆపి ఫస్ట్ బేస్‌కి విసిరాడనుకోండి, షార్ట్‌స్టాప్‌కి ఒక ఏ, ఫస్ట్ బేస్‌మన్‌కి ఒక పీఓ. అందుకే ఫస్ట్ బేస్‌లో ఉండే లూ గెరిగ్ పేరెదురుగా పీఓ తరచూ రెండంకెల్లో కనిపిస్తుంది. అది అచ్చుతప్పు కాదు. బ్యాటర్ స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లకు ఔట్) అయితే పీఓ క్యాచర్ ఖాతాలోకి పోతుంది.

ఇక సరిచూడటం. ఒక జట్టు ఏబీ మొత్తానికి వాక్‌లు, ఒంటికి తగిలినవి, శాక్రిఫైస్‌లు కలపండి. ఆ జట్టు నుంచి బ్యాటింగ్‌కి వచ్చిన వంతులన్నీ ఇవే. వచ్చిన ప్రతివాడూ మూడింట్లో ఒకటి కావాలి: పరుగు తీయాలి, ఔటవ్వాలి, లేదా ఇన్నింగ్స్ ముగిసేసరికి బేస్ మీద మిగిలిపోవాలి. కాబట్టి ఆ మొత్తం, ఆ జట్టు పరుగులు, బేసుల మీద మిగిలినవాళ్లు, అవతలి జట్టు పీఓలు కలిపిన మొత్తంతో సమానం కావాలి. ఉదాహరణకు ఏబీ 33, వాక్‌లు 4, శాక్రిఫైస్ 1 అయితే 38. అటువైపు పరుగులు 4, మిగిలినవాళ్లు 7, పీఓ 27 (తొమ్మిది ఇన్నింగ్స్, మూడేసి ఔట్లు) అయితే 38. కుదిరింది.

కుదరకపోతే ముందు పీఓ చూడండి. ఆతిథ్య జట్టు ముందంజలో ఉంటే తొమ్మిదో ఇన్నింగ్స్‌లో తన వంతు ఆడదు, అప్పుడు అవతలివాళ్ల పీఓ 24 దగ్గరే ఆగుతుంది. చివరి ఇన్నింగ్స్ మధ్యలో గెలుపు పరుగు వస్తే 25 లేదా 26 కూడా కావచ్చు. అదీ సరిపోతే అరిగిన అచ్చులో 3ని 8గా చదివారేమో భూతద్దం పెట్టి చూడండి. సాధారణంగా తేడా అక్కడే దొరుకుతుంది. బేసుల మీద మిగిలినవాళ్ల సంఖ్య పట్టికలో కాదు, కింద చిన్నక్షరాల్లో ఉంటుంది. కటింగ్ చేసినవాళ్లు ఆ ముక్క వదిలేసి ఉంటే ఈ పరీక్ష కుదరదు.

ప్రశ్న: 110కి 44 కలిపితే 154. గెరిగ్ మాత్రం 155 మ్యాచ్‌లు ఆడాడని చదివాను. ఏది తప్పు? (మలక్‌పేట)

రెండూ ఒప్పే. అమెరికన్ లీగులో అప్పుడు 8 జట్లు. ఒక్కో ప్రత్యర్థితో 22 చొప్పున ఏడుగురితో 154 మ్యాచ్‌లు. యాంకీస్ ఆడిన వాటిలో ఒకటి టై అయింది. టై అయిన మ్యాచ్‌ని అప్పట్లో గెలుపోటముల పట్టికలో వేసేవారు కాదు, దాన్ని మళ్లీ మొదటి నుంచి ఆడేవారు. కానీ అందులో కొట్టిన హిట్లు, తీసిన పరుగులు ఆటగాళ్ల ఖాతాలో ఉండిపోయేవి. ఫ్లడ్‌లైట్ల కింద మేజర్ లీగ్ మ్యాచ్ మొదటిసారి జరిగింది 1935లో. అంతకుముందు పొద్దు వాలితే ఆట ఆగిపోవాల్సిందే, కాబట్టి పాత సీజన్లలో ఇలాంటి అదనపు మ్యాచ్‌లు చాలా కనిపిస్తాయి.

ప్రశ్న: యాంకీ స్టేడియంలో కుడివైపు కంచె దగ్గరట కదా! రూత్ అంత గొప్పవాడా, లేక గ్రౌండ్ కలిసొచ్చిందా? అసలు ఆ జట్టంతా రూత్ ఒక్కడేనా? (క్రికెట్ కోచ్, ఈస్ట్ మారేడ్‌పల్లి)

కోచ్‌గారూ, కంచె దగ్గరన్న మాట నిజమే, కానీ సగమే నిజం. రైట్ ఫీల్డ్ గీత వెంట దూరం సుమారు 295 అడుగులు, అంటే 90 మీటర్లు. అంతర్జాతీయ క్రికెట్‌లో బౌండరీ తాడు 90 గజాలు, అంటే 82 మీటర్లు మించకూడదు కాబట్టి మన లెక్కన అది దగ్గరేం కాదు. బేస్‌బాల్‌కి మాత్రం దగ్గరే. ఎడమచేతి బ్యాటర్ రూత్ లాగి కొడితే బంతి పోయేదీ అటే. అయితే గీత వదిలి లోపలికి వచ్చేకొద్దీ కంచె వెనక్కి పోతుంది, సెంటర్ వైపు 490 అడుగుల దాకా. వేరే మైదానాల్లో కంచె దాటే దెబ్బలు అక్కడ క్యాచ్‌లయ్యేవి. రూత్ 60లో సొంత మైదానంలో కొట్టినవి 28, బయట కొట్టినవి 32. గ్రౌండ్ కలిసొచ్చి ఉంటే ఈ అంకెలు తారుమారు కావాలి.

రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. ఆ ఏడాది లీగులో మిగతా ఏ జట్టూ మొత్తం కలిపినా 60 హోమ్ రన్లు కొట్టలేదు. రెండో స్థానంలో ఉన్న ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్‌వి 56. ఇది అందరూ చెప్పేదే. యాంకీస్ 158లోంచి రూత్ 60 తీసేయండి, 98 మిగులుతాయి. అయినా లీగులో వాళ్లే ముందు! గెరిగ్‌వి 47, లజెరీవి 18. ఓపెనర్ ఎర్ల్ కూంబ్స్‌వి 231 హిట్లు, అందులో 23 ట్రిపుల్స్ (ఒక్క దెబ్బకి థర్డ్ బేస్ చేరినవి). రూత్‌కి బంతి వేయడం ఇష్టంలేక వాక్ ఇస్తే వెనకాల గెరిగ్ నిలబడి ఉంటాడు, 52 డబుల్స్, 18 ట్రిపుల్స్ కొట్టినవాడు. అయినా రూత్‌కి 137 వాక్‌లు ఇచ్చారు.

హోమ్ రన్లు పక్కనపెట్టి పరుగుల తేడా చూడండి. యాంకీస్ తీసినవి 975, ఇచ్చినవి 599. తీయడంలో అందరికంటే ఎక్కువ, ఇవ్వడంలో అందరికంటే తక్కువ. బేస్‌బాల్ గణాంకాల రచయిత బిల్ జేమ్స్ సూత్రం ప్రకారం తీసిన పరుగుల వర్గాన్ని, తీసినవాటి వర్గం, ఇచ్చినవాటి వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. 9,50,625ని 13,09,426తో భాగిస్తే 0.726. దాన్ని 154తో గుణిస్తే దాదాపు 112 గెలుపులు. నిజంగా గెలిచినవి 110. అంటే అదృష్టంతో నెట్టుకొచ్చిన గెలుపులు కావు. అదృష్టం కలిసొచ్చిన జట్టుకి అసలు గెలుపులు ఈ లెక్కకంటే బాగా ఎక్కువ ఉంటాయి. రెండో స్థానంలోని అథ్లెటిక్స్ 91 గెలిచి 19 మ్యాచ్‌ల వెనక ఆగింది.

ప్రశ్న: పిచర్ల (బంతి వేసేవాళ్ల) సగటు లెక్కవేస్తే నాకు వెయిట్ హోయిట్‌ది 2.64 వస్తోంది, పుస్తకాల్లో 2.63 ఉంది. (కూకట్‌పల్లి)

హోయిట్ వేసిన 256.1 ఇన్నింగ్స్‌ని మీరు దశాంశంగా తీసుకున్నారు. క్రికెట్‌లో 9.4 ఓవర్లంటే తొమ్మిది ఓవర్ల నాలుగు బంతులు కదా, ఇదీ అంతే. చుక్క తర్వాత 1 అంటే ఇన్నింగ్స్‌లో ఒక ఔట్, మూడోవంతు. ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి పోను మిగిలిన పరుగులను, అంటే పిచర్ పద్దులో పడే పరుగులను, 9తో గుణించి ఇన్నింగ్స్‌తో భాగించాలి. హోయిట్‌కి 75ని 9తో గుణిస్తే 675, దాన్ని 256.333తో భాగిస్తే 2.63.

అదే సూత్రంతో విల్సీ మూర్‌ది కూడా వేయండి. 213 ఇన్నింగ్స్‌లో 54 పరుగులు, 2.28. 30 ఏళ్ల వయసులో మేజర్ లీగులో మొదటి సీజన్ ఆడిన ఈ పిచర్ 50 మ్యాచ్‌ల్లో బరిలోకి దిగాడు, మొదటి బంతి నుంచి వేసింది 12 మ్యాచ్‌ల్లోనే. మిగతావన్నీ మధ్యలో వచ్చి ఆదుకున్నవి. 19 గెలిచి 7 ఓడాడు. ఈ జట్టు గురించి రాసేవాళ్లు బ్యాటర్ల పేర్లు వల్లించి ఇతన్ని వదిలేయడం మాకు బాధగా ఉంటుంది. అతని పేరెదురుగా 13 సేవ్‌లు (మధ్యలో వచ్చి ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన మ్యాచ్‌లు) అని కనిపిస్తే అవి తర్వాతి కాలంవాళ్లు పాత స్కోర్లు తిరగేసి కట్టిన లెక్క అని గుర్తుంచుకోండి. సేవ్ అధికారిక గణాంకమైంది 1969లో.

ప్రశ్న: గెరిగ్ 0.373, రూత్ 0.356. ఈ సగటులను నేటి ఆటగాళ్లతో నేరుగా పోల్చవచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

నేరుగా వద్దు. భాగహారం మాత్రం సరైనదే: గెరిగ్ 584 వంతుల్లో 218 హిట్లు, రూత్ 540లో 192. చిక్కంతా ఆ 584, 540 దగ్గరే ఉంది. 1926 నుంచి 1930 దాకా బ్యాటర్ ఎత్తుబంతికి ఔటైనా, దానివల్ల ఏ రన్నరైనా ఒక్క బేస్ ముందుకు జరిగితే శాక్రిఫైస్ కింద ఏబీ నుంచి తీసేసేవారు. ఇప్పుడు పరుగు వస్తేనే తీస్తారు. హారం తగ్గితే సగటు పెరుగుతుంది. పైగా అప్పటి పట్టికల్లో బంట్లూ (బ్యాట్‌తో మెల్లగా తట్టినవి) ఎత్తుబంతులూ ఒకే శాక్రిఫైస్ గడిలో కలిసి ఉంటాయి, అక్కణ్నుంచి విడదీయలేం. అలాగే ఆ రోజుల్లో బంతి ఒక బౌండు పడి కంచె దాటినా హోమ్ రన్‌గానే రాసేవారు. ఇప్పుడది డబుల్.

ప్రశ్న: 60 కొట్టిన రూత్‌కి కాకుండా అత్యుత్తమ ఆటగాడి అవార్డు గెరిగ్‌కి ఎందుకిచ్చారు? (సికింద్రాబాద్)

ఒకసారి తీసుకున్నవాళ్లకు మళ్లీ ఇవ్వకూడదని అప్పటి అమెరికన్ లీగు నియమం. రూత్ 1923లోనే తీసుకున్నాడు.

ప్రశ్న: ఆ 60వ హోమ్ రన్ ఎలా పడిందో వివరంగా రాయగలరా? (చిక్కడపల్లి)

సెప్టెంబర్ 30, శుక్రవారం, యాంకీ స్టేడియం. లీగు టైటిల్ ఆ నెల 13నే ఖాయమైపోయింది, స్టేడియం నిండలేదు. ప్రత్యర్థి వాషింగ్టన్, పిచర్ ఎడమచేతి టామ్ జాకరీ. ఎనిమిదో ఇన్నింగ్స్, స్కోరు 2-2, ఒకరు ఔట్. ట్రిపుల్ కొట్టిన మార్క్ కోనిగ్ థర్డ్ బేస్ మీద ఉన్నాడు. మొదటి బంతి స్ట్రైక్, రూత్ బ్యాట్ కదపలేదు. రెండోది ఎత్తుగా పోయింది, బాల్. మూడోది లోపలికి, కిందికి వచ్చింది. దాన్ని లాగి రైట్ ఫీల్డ్ గీతకి దగ్గరగా ప్రేక్షకుల్లోకి కొట్టాడు. కోనిగ్, రూత్ ఇద్దరికీ పరుగులొచ్చాయి, 4-2. మ్యాచ్ అలాగే ముగిసింది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జాకరీ బదులు బ్యాటింగ్‌కి వచ్చింది వాల్టర్ జాన్సన్, ఆ తరం మహా పిచర్. అతని ఎత్తుబంతిని పట్టింది రూతే. ఆటగాడిగా జాన్సన్ మళ్లీ మేజర్ లీగ్ మైదానంలోకి రాలేదు.

ప్రశ్న: బేస్‌బాల్ చరిత్రలోనే ఇది అత్యుత్తమ జట్టు అనవచ్చా? (నారాయణగూడ)

ఆ లీగులో ఆ ఏడాదికి అనవచ్చు. చరిత్రంతటికీ అనేముందు ఒక విషయం. 1927లో మేజర్ లీగుల్లో నల్లజాతి ఆటగాళ్లను ఆడనిచ్చేవారు కాదు. జాకీ రాబిన్సన్ వచ్చే 1947 దాకా అదే పరిస్థితి. 1927లోనే ఆస్కార్ చార్లెస్టన్ లాంటి బ్యాటర్ నల్లజాతి ఆటగాళ్లకు వేరుగా నడిచిన నీగ్రో లీగుల్లో ఆడుతున్నాడు. 1927 నీగ్రో లీగ్ వరల్డ్ సిరీస్‌ను చికాగో అమెరికన్ జెయింట్స్ గెలిచింది. యాంకీస్ పిచర్లు చార్లెస్టన్‌కి ఒక్క లీగ్ మ్యాచ్‌లోనూ బంతి వేయలేదు. ఆ లీగులను మేజర్ లీగులుగా 2020లో గుర్తించారు, 2024లో వాటి అంకెలను అధికారిక రికార్డుల్లో కలిపారు. మీ దగ్గరున్న రికార్డుల పుస్తకం అంతకుముందు అచ్చయినదైతే అందులో చార్లెస్టన్ అంకెలు ఉండవు, కొత్త పట్టికలు చూడండి.